ఇంకా మూయని కంప్లేంటు

మా ఇంటి ముందు పొద్దున పూట మనుషులు ఆగే కాలం ఒకటి ఉండేది. బాగేపల్లి బస్సుకు పోయేవాళ్ళు, గూళూరు వైపు తోటలకు బండ్ల మీద పోయేవాళ్ళు మా గేటు దగ్గర నిలబడి, "అమ్మా, ఫోను మోగలేదమ్మా" అనో, "మోగింది గానీ కరెంటు రాలేదమ్మా" అనో చెప్పిపోయేవాళ్ళు. ఆ మాటలన్నీ నేను వినాలి, గుర్తుపెట్టుకోవాలి, ముద్ద తినేటప్పుడు కోడలికి చెప్పాలి. నాకు చదువు లేదు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, సంతకం పెడతాను, అంతవరకే. ఇది కూడా నేను చెప్తుంటే కోడలు రాస్తోంది.

ఆ ఫోను సంగతి ముందు చెప్పాలి. మా పక్క నీళ్ళంటే బోరు నీళ్ళే. బోరు మోటరు తిరగాలంటే త్రీఫేస్ కరెంటు రావాలి. అది ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పేవాళ్ళు లేరు. మా తోట ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గర కాబట్టి, మా ఆయన ఉన్నంతకాలం ఆ పని ఆయనదే. స్టార్టరు మీద లైటు వెలగ్గానే గట్టెక్కి "వచ్చిందప్పోయ్" అని ఒక కేక వేసేవాడు. ఆ కేక అందుకుని నేను రోడ్డు వైపు తోటలకు ఇంకో కేక వేసేదాన్ని. అరిచి అరిచే నా గొంతు ఇట్లా బొంగురుపోయింది. అవతల ఎవరో అందుకునేవాళ్ళు, ఆ అవతల ఇంకెవరో. కేక అట్లా గూళూరు పొలాల దాకా పోయేది. చెనక్కాయ తీసే రోజుల్లో, టమోటాకు నీళ్ళు పెట్టే రోజుల్లో ఆ కేకలు వింటుంటే, ఇంతమందిమి ఒకే ఇంట్లో వేరే వేరే గదుల్లో ఉన్నట్టుండేది.

ఆయన పోయాక మా గట్టు మీద కేక ఆగిపోయింది. వేరేవాళ్ళు కొన్నాళ్ళు అరిచారు, మానుకున్నారు.

మా కోడలు చింతామణి ఊరి పిల్ల. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగు చదివింది. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేస్తుంది. నీళ్ళు పెట్టేవాళ్ళు కరెంటు కోసం గట్ల మీద పడుకుని కాచుకోవడం చూసి, ఆ పిల్లా, ఆమెతో చదువుకున్న చిక్కబళ్ళాపురం పిల్లా కలిసి ఫోన్లో ఒకటి తయారుచేశారు. ఎవరి మోటరు దగ్గర ముందు కరెంటు వస్తే వాళ్ళు ఫోన్లో ఒక గుర్తు నొక్కుతారు. ఆ లైను మీద తోటలున్న వాళ్ళందరి ఫోన్లూ మోగుతాయి. దుడ్లేమీ ఇవ్వక్కర్లేదు. లోపల రాసిన రాత కూడా దాచిపెట్టలేదు. ఏ ఊరివాళ్ళైనా చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, తమ ఊరికి మార్చుకుని వాడుకోవచ్చు. దాన్ని ఓపెన్ సోర్స్ అంటారంది.

"అంటే ఎట్లమ్మా?" అన్నాను.

"వండి పెట్టినదే కాకుండా, ఎట్ల వండినామో కూడా అందరికీ చెప్పినట్లత్తా."

"మరి ఉప్పు తక్కువైతే?"

"అది చెప్పనీకి వేరే చోటుండాది" అని నవ్వింది.

ఆ చోటే బగ్ ట్రాకర్. మా ఊళ్ళో అందరూ కంప్లేంట్ల పెట్టె అనేవాళ్ళు. కాలేజీ రోజుల్లో ఎవరో వాడి వదిలేసినదాన్ని వీళ్ళు తెచ్చి పెట్టుకున్నారట. అప్పటికే పాతది. తెరిస్తే ఒకటే ఇంగ్లీషు. ముందు మీ ఈమెయిల్ చెప్పమంటుంది. తరువాత ఫోను ఏ రకం, లోపలున్నది ఎన్నో రకం, తప్పు ఎట్లా వచ్చింది, ఫోటో ఏది అంటుంది. ఒక్క గడి ఖాళీగా వదిలినా మొత్తం తుడిచిపెట్టి మళ్ళీ మొదటికొస్తుంది. తోటలో మోకాలి లోతు బురదలో నిలబడిన మనిషి అవన్నీ ఎక్కడ నింపుతాడు? అందుకని నోటితోనే చెప్పిపోదామని మా ఇంటికి వచ్చేవాళ్ళు. వాళ్ళొచ్చే వేళకు మా అబ్బాయి తోటలో ఉండేవాడు, కోడలు ఆఫీసు వాళ్ళతో కంప్యూటర్లో మాట్లాడుతూ ఉండేది. ఇంట్లో మిగిలింది నేను.

ఇక్కడ ఒక చిక్కుంది. మొగుడు పోయిన మనిషి పొద్దున్నే ఎదురైతే, బయలుదేరిన పని చెడుతుందని మా పక్క ఇప్పటికీ అంటారు. ఎవరూ మొహం మీద అనరు. ఎదురుపడితే చెప్పు తెగినట్టు ఆగుతారు, నీళ్ళు తాగడానికన్నట్టు వెనక్కి పోతారు. ఆయన పోయిన తరువాత అది నేనే కనిపెట్టి, బస్సులు పోయేవరకు వాకిట్లోకి రావడం మానేశాను. ఒక కేకతో రోడ్డు దాకా వినబడిన గొంతు వంటింట్లోనే ఉండిపోయింది.

మొట్టమొదట కంప్లేంటు తెచ్చింది గూళూరు పెద్దాయన. మా ఆయనకు వరసకు అన్న. రోజూ మా గేటు దాటిపోవాల్సినవాడు, ఆయన పోయినప్పటినుంచి చుట్టూ తిరిగి వెనక సందులోంచి పోయేవాడు. ఆ రోజు గేటు దగ్గర నిలబడి, వీపు ఇంటికి పెట్టి, రోడ్డుతో చెప్పినట్టుగా గట్టిగా అన్నాడు: "ఫోను మోగలేదు. నా చెట్లు ఎండిపోతాండాయి. ఆ పాపకు చెప్పేవాళ్ళెవురన్నా ఉండారా లేదా ఈ ఇంట్లో?"

నేను తలుపు వెనకనుంచి, "ఉండారప్పా. చెప్తాను. ఎప్పటినుంచి మోగలేదు?" అన్నాను.

ఆయన తిరగలేదు. "నిన్న మద్దేనం నుంచి" అని రోడ్డుకు చెప్పాడు.

"పక్క తోటోళ్ళకు మోగిందా?"

"వాళ్ళకు మోగింది. నా మీదే ఏదో పగబట్టినాది."

"ఫోను ఛార్జింగు ఉండాదా అప్పా?"

జేబులోంచి తీసి చూసుకున్నాడు. "అది వేరే సంగతి" అని వెళ్ళిపోయాడు. లోపల కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. మా ఆయన చనిపోయాక ఆ ఇంట్లో నాకు నవ్వొచ్చింది మొదటిసారి అప్పుడే.

ఆ తరువాత ఒక్కొక్కరే మొదలైంది. ముందు అందరూ రోడ్డుకే చెప్పేవాళ్ళు. ఇంకొన్నాళ్ళకు గేటుకు చెప్పారు. ఆ తరువాత నా మొహం చూసి చెప్పారు. ఎప్పుడు మారిందో నాకు తెలియదు. ఒకరోజు చూసుకుంటే నేను తలుపు వెనక లేను, గేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. మిట్టేమరి నుంచి బండి మీద వచ్చే ఒకామె కంప్లేంటు చెప్పి, పోతూ పోతూ కొంగులోంచి అనపకాయలు గేటు లోపల పోసిపోయేది. కరెంటు కంప్లేంట్లతో పాటు వాళ్ళింటి కోడలు నీళ్ళోసుకున్నదీ, ఆవు ఈనిందీ, మార్కెట్లో టమోటా పారబోసి వచ్చిందీ, అన్నీ చెప్పేవాళ్ళు. ముద్ద తినేటప్పుడు నేను అన్నీ కలిపి చెప్పేసేదాన్ని.

"అత్తా, ఆవు ఈనింది బగ్ కాదు."

"ఆవు ఈనిన హడావుడిలో వాళ్ళు గుర్తు నొక్కలేదు గదా. అందుకే మిగతావాళ్ళకు మోగలేదు."

కోడలు తల పట్టుకునేది. కానీ రాసేది. అన్నీ ఆమె పేరు మీదే పోయేవి, పెట్టెలో ఇంకెవరికీ ఖాతా లేదు కాబట్టి. చిక్కబళ్ళాపురం పిల్ల ఒకసారి కంప్యూటర్లోంచి, "ఏమే, నీకెన్ని తోటలున్నాయే? ఎన్ని ఫోన్లున్నాయే? రోజూ ఏడుస్తానే ఉంటావు" అని ఎగతాళి చేసింది. ఇంకో రాష్ట్రం నుంచి ఈ రాతను దిద్దే ఒకాయన, ఈ ఒక్కామె ఫిర్యాదులకు అంత తొందరేముందని పక్కన పెట్టేశాడట. ఒక్క మనిషికి వచ్చిన తప్పు అనుకున్నాడు. నలభై ఇళ్ళ తప్పు ఒక పేరు మీద పోతే ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

అందుకే ఆ పెట్టెను మార్చాలని కూర్చున్నారు. చెప్పేవాళ్ళు తామే చెప్పాలి, తమ ఫోన్లోంచే చెప్పాలి, రాయకుండా నోటితో చెప్పాలి. ఒక బొత్తాము నొక్కితే ఫోను అడుగుతుంది, మనిషి మాట్లాడతాడు, ఆ మాట అట్లాగే పెట్టెలోకి పోతుంది. కోడలు సంబరంగా చెప్తుంటే నేను చిక్కుడుకాయ వలుస్తూ "మంచిదేలేమ్మా" అన్నాను. మంచిదే. కానీ ఫోనే అన్నీ వింటే గేటు దగ్గర ఎవరాగుతారు? ఆగకపోతే నేను మళ్ళీ తలుపు వెనక్కే కదా.

ముందు మిషను గొంతు పెట్టి చూశారు. మా వీధిలో నలుగురి ఫోన్లలో వేశారు. ఎవరూ నోరు విప్పలేదు. బొత్తాము నొక్కడం, ఆ గొంతు "దయచేసి మీ సమస్యను వివరించండి" అనగానే బెదిరి కట్ చేయడం. మిట్టేమరి ఆమె గేటు దగ్గరికే వచ్చి, "అదెవురమ్మా, బ్యాంకోళ్ళు అడిగినట్ల అడుగుతాంది? నేను అప్పు తీసుకోలేదని చెప్పి పెట్టేసినా" అంది. తరువాత చిక్కబళ్ళాపురం పిల్ల గొంతు పెట్టారు. కన్నడం మనిషి, తెలుగు కూడా చక్కగా మాట్లాడుతుంది. దానికి ఇద్దరు ముగ్గురు మొగపిల్లలు తప్ప ఇంకెవరూ జవాబివ్వలేదు. వాళ్ళు చెప్పింది కరెంటు సంగతి కాదని కోడలు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

"అత్తా, నీ గొంతు ఇస్తావా?" అంది కోడలు ఒకరోజు.

నేను బకెట్లోంచి తడిబట్ట తీసి అందించాను. బట్టలు ఆరేస్తూ అంది: "నీ గొంతైతే వాళ్ళు చెప్తారు. నాకు తెల్సు. అట్ల చేస్తే ఇంటికి రారని కూడా తెల్సు. నీకు వద్దంటే వద్దు, పాతదే ఉండనిస్తాం."

ఆ పిల్లకు తెలుసన్నమాట. అది విన్న తరువాత వద్దని ఎట్లా అంటాను? పాత పెట్టె వల్ల ఎన్ని తోటలు ఎండాయో గేటు దగ్గర విన్నది నేనే కదా.

"పొద్దున్నే తోటకు పొయ్యేటప్పుడు ఆ బొత్తాము నొక్కుతారు. మొదట వినేది నా గొంతు. వాళ్ళకు పనికొస్తాదా అమ్మా?" అన్నాను.

"రోజూ గేటు దగ్గర వినేదీ అదే గదా అత్తా."

ఇద్దరం బస్సెక్కి చిక్కబళ్ళాపురం పోయాం. ఆ పిల్ల ఇంట్లో మేడ మీద గది. గోడలకు దుప్పట్లు, బొంతలు వేలాడగట్టారు, బయటి ఆటోల మోత వినబడకుండా. నన్ను మైకు ముందు కూర్చోబెట్టి, "అమ్మా, ఇంట్లో ఎట్ల అడుగుతారో అట్లే అడగండి" అంది.

"చెప్పప్పా, ఏమైంది?" అన్నాను.

"ఆడవాళ్ళు ఫోన్ చేస్తే?"

"చెప్పమ్మా అంటాను."

"ఎవరు చేశారో మిషనుకు తెలియదు గదమ్మా."

"మరి నీ మిషనేం మిషను?"

ఇద్దరూ పడి పడి నవ్వారు. చివరికి అప్పా, అమ్మా లేకుండా "ఊ, ఏమైంది?" అన్నదాన్ని ఉంచుకున్నారు. ఆ తరువాత "యాడ?" అన్నదీ, "ఎప్పటినుంచి?" అన్నదీ, "సరే, చెప్తాలే" అన్నదీ. నాలుగు మాటలకు పూటంతా పట్టింది. గొంతులోని జీర తీసేయొచ్చు, కంప్యూటర్లో నున్నగా చేయొచ్చు అంది ఆ పిల్ల. కోడలు ఒప్పుకోలేదు. "నున్నగా చేస్తే మా అత్త కాదు. మళ్ళీ బ్యాంకోళ్ళే అనుకుంటారు" అంది.

ఆ ప్రయాణంలోనే ఇద్దరూ ఇంకొక మార్పు మాట్లాడుకున్నారు. పాత పెట్టెలో రాత దిద్దినవాళ్ళే సరైపోయిందని కంప్లేంటు మూసేసేవాళ్ళు. తోటలో మాత్రం ఫోను మోగేది కాదు. కొత్తదానిలో కంప్లేంటు చెప్పిన మనిషి సరైందని ఒప్పుకునేవరకు మూయకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. ఒప్పుకున్నారో లేదో ఫోన్ చేసి అడగాలి. ఆ పని నాకిచ్చారు. "ఇంకెవరడిగినా నిజం చెప్పరు, మొహమాటానికి సరేనంటారు" అంది కోడలు. నా కోసం ఆ మాట అందేమో, నిజమే అందేమో.

కొత్త పెట్టె వచ్చింది. మా గేటు బోసిపోయింది. ఎవరినీ అనడానికి లేదు, పని సులువైంది. నేను వాకిలి ఊడ్చి, ముగ్గేసి, పని లేకపోయినా కాసేపు గేటు దగ్గర నిలబడేదాన్ని. బండ్లు పోయేవి. చెయ్యెత్తేవాళ్ళు, ఆగేవాళ్ళు కాదు. అనపకాయల కాలం వచ్చి, గేటు లోపల కాయలేమీ పడకుండానే పోయింది.

కానీ పెట్టెలోకి వచ్చిన మాటలు కోడలు వినిపించేది. మొదట్లో నాకు భయమేసింది. వాళ్ళు నేను ఫోను లోపల కూర్చుని వింటున్నాననుకున్నారు! "ఊ, ఏమైంది?" అని నా గొంతు అడగగానే, "ఏమీ లేదమ్మా, బాగుండావా? మోకాలి నొప్పి ఎట్లుండాది?" అని అడిగి, ఆగేవాళ్ళు. నేను జవాబు చెప్పడానికని ఆగేవాళ్ళు. ఆ ఆగినంతసేపూ వెనక మోటరు చప్పుడు, నీళ్ళు కాలువలో పడే చప్పుడు వినబడేది. ఫోను లోపలి నేను "యాడ?" అనేదాన్ని. "యాడంటే ఏంది, మోకాలు యాడుంటాది?" అని మిట్టేమరి ఆమె విసుక్కుంది. చిక్కబళ్ళాపురం పిల్ల, ఆ ఆగినవన్నీ కత్తిరించేస్తే పెట్టెలో చోటు మిగులుతుందంది. కత్తిరించొద్దన్నాను. ఒక్కొక్కటి విని, కంప్యూటరు ముందు కూర్చునే జవాబిచ్చేదాన్ని: "తగ్గిందిలేమ్మా, నూనె రాస్తాండా" అని. వాళ్ళకు వినబడదని నాకు తెలుసు.

అట్లా వింటూ ఉండగా ఒకరోజు గూళూరు పెద్దాయన మాట వచ్చింది. కోడలు మొదలుపెట్టి, సగంలో చటుక్కున ఆపేసింది.

"ఏమైందమ్మా? పెట్టు" అన్నాను.

"ఏంలేదత్తా, లైను సరిగా లేదు."

"పెట్టమంటాండా."

పెట్టింది. నా గొంతు "ఊ, ఏమైంది?" అంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నువ్వేమనుకోవద్దు. నీతోనే చెప్పాల్సొచ్చింది, వేరే యాడ చెప్పాల్నో తెలీలేదు. పొద్దున్నే మోటరు వేసే ముందు నీ గొంతు విన్నాను. అదే రోజు మోటరు కాలిపోయినాది. పాపకు చెప్పు, పొద్దుట పూటకు గొంతు మార్చమని. ముత్తైదువ గొంతేదన్నా పెట్టమను. నువ్వు మంచిదానివే, దాంట్లో తప్పేంలేదు."

నా గొంతు అడిగింది, "యాడ?" అని.

"యాడో కాదమ్మా, నా తోటలోనే" అన్నాడాయన పాపం. ఆ తరువాత నా గొంతే ఆయనకు మాటిచ్చింది: "సరే, చెప్తాలే."

కోడలు మొహం ఎర్రబడింది. "తీసేస్తాను దీన్ని. ఇది బగ్ కాదు, ఏమీ కాదు" అని లేచింది. ఆ రోజే అందరూ కంప్యూటర్లో కలిసి మాట్లాడుకున్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఈ ఒక్కాయన నోరు విప్పి చెప్పాడు, చెప్పకుండా మనసులో పెట్టుకున్నవాళ్ళు ఎందరో, వాళ్ళు బొత్తాము నొక్కడం మానేస్తే పెట్టె చేసి ఏం లాభం అన్నాడు ఆ వేరే రాష్ట్రపాయన. పొద్దుట పూటకు వేరే గొంతు పెడితే పోతుందన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. లెక్క ప్రకారం మాట్లాడాడు. చిక్కబళ్ళాపురం పిల్ల ఏడ్చినంత పని చేసింది. కోడలు తెలుగులో తిట్టింది, ఆయనకు అర్థం కాకపోవడం మంచిదైంది.

నేను ఏమనుకున్నానో చెప్తాను. గేటు పోయింది. ఇప్పుడు గొంతు కూడా పోతే ఇక నేను పొద్దెక్కాకే బయటికి రావాలి, మనుషుల్లోకైనా, ఫోన్లోకైనా. అయినా ఆ కంప్లేంటు తుడిచేయడం నాకు నచ్చలేదు. ఆయన ధైర్యం చేసి చెప్పాడు. చెప్పినదాన్ని చెత్తలో పడేస్తే, రేపు మోగలేదని చెప్పినా పడేస్తారనుకోడూ?

"తుడిచేయొద్దమ్మా. మార్చనూ వద్దు. అందరి కంప్లేంటు ఎట్లో ఇదీ అట్లే. నేను ఆయన్ను అడుగుతాను" అన్నాను. చెప్పిన మనిషిని అడగకుండా ఏ కంప్లేంటూ తేల్చకూడదని కట్టుబాటు ఉంది కదా. ఆ వేరే రాష్ట్రపాయన కూడా సరేనన్నాడు.

మధ్యాహ్నం దాకా ఆగి చేశాను, పొద్దున చేస్తే బాగుండదని.

"అప్పా, నేనే. ఫోను లోపలిది కాదు, ఇంట్లోది."

"ఓ... వినిపించినారా నీకు?"

"నాతోనే గదప్పా చెప్పినావు."

"అవునే. తప్పా?"

"తప్పేం కాదు. మోటరు వైండింగుకు ఇచ్చినావా?"

"బాగేపల్లిలో ఇచ్చినాను. వోల్టేజి తక్కువుండి కాలిందంటాడు వాడు."

"నా గొంతుకు మోటర్లు కాలేటట్లుంటే మా తోటలో ఒక్కటన్నా మిగిలుండేదా అప్పా? ఇన్నేండ్లు పొద్దున్నే అరిచినాను గదా నేను."

అవతల నవ్వాడు, దగ్గు కలిసిన నవ్వు. "అప్పుడు వాడుండె గదమ్మా" అన్నాడు. మా ఆయన్ను. "వాని కేక వినే నేను లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తేది. ఇప్పుడు ఈ ఫోను టింగ్‌మంటే లేయబుద్ధి కాదు" అన్నాడు.

"మరి కంప్లేంటు ఏం చేయమంటావు? గొంతు మార్చాల్నా, మూసేయాల్నా?"

"ఉండనీ. వైండింగు చేసుకోనొచ్చి బిగించి, నాలుగు దినాలు చూస్తాను. అప్పుడు చెప్తాను."

మూయలేదు కాబట్టి తేలలేదు, తేలలేదు కాబట్టి గొంతు మార్చలేదు. మూయనివాళ్ళకు వారం వారం ఫోన్ చేయాలి. చేశాను. మోటరు బాగానే తిరుగుతోందన్నాడు. "అయితే మూసేద్దామా?" అంటే, "ఎండలు రానీ, ఎండల్లో కదా తెలిసేది" అన్నాడు. ఎండలు పోయాక వానలు రానీ అన్నాడు. మధ్యలో చెనక్కాయ రేటు, కోడళ్ళ తగువు, కంటి ఆపరేషను, మా ఆయనా ఆయనా చిన్నప్పుడు సంతలో తప్పిపోయింది, అన్నీ ఆ ఒక్క కంప్లేంటు కిందికే వచ్చాయి. పెట్టెలో అన్నిటికంటే పాతగా తెరిచి ఉన్నది అదే. ఏడాదికోసారి పాతవన్నీ దులిపేటప్పుడు కొత్తగా చేరిన పిల్లలెవరో, దీన్ని ఎందుకు మూయలేదని అడుగుతారట. చెప్పినాయన ఇంకా ఒప్పుకోలేదని కోడలు రాస్తుంది.

మొన్న నాకు జ్వరం వచ్చి ఆ వారం ఫోన్ చేయలేదు. తెల్లవారకముందే ఫోను మోగింది. మోటరు దగ్గరికి పోతూ చేశాడు, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

"ఏమమ్మా, నా కంప్లేంటు సంగతి అడగలేదే ఈ వారం? మూసేసినారా ఏంది?"

"లేదప్పా, ఉండాది. పొద్దున్నే నా గొంతు వింటాండావు, చూసుకో."

"వింటాండాలే. జ్వరమా? గొంతు ఇంకా బొంగురుపోయినాది."

"తగ్గింది. మరి మూసేయమంటావా?"

"ఏం తొందర? వచ్చే వారం అడుగు" అన్నాడు. ఫోను పెట్టకుండానే మోటరు వేశాడు. నీళ్ళు పడే చప్పుడు నాకూ వినిపించింది.